నీరు తీసే బిళ్ల పనిచేసేది గంటలు, కిడ్నీ గుర్తుంచుకునేది వారాలు

కాళ్ల వాపులతో ఒంగోలుకో నెల్లూరుకో వెళ్లి చూపించుకుని వచ్చినవాళ్ల ఇంట్లో మొదటి వారమంతా ఊరటగానే ఉంటుంది. నీరు తీసే లాసిక్స్ బిళ్ల వేసుకున్న గంటలోపే ఒంటికి వెళ్లాల్సి వస్తుంది. అంతకుముందు ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గాని పూడేది కాదు. నాలుగో రోజుకు ఆ గుంట పడదు. చెప్పులు మళ్లీ పడతాయి, బరువు రెండు మూడు కిలోలు దిగుతుంది, రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతారు. రెండు మూడు నెలలు గడిచాక చూస్తే అదే బిళ్ల, అదే మోతాదు, కానీ సాయంత్రానికి మడమల దగ్గర మళ్లీ వాపు. "మందు ఒంటికి అలవాటు పడిపోయింది" అంటారు ఇంట్లోవాళ్లు.

ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. బిళ్లలోని మందు మాత్రం మారలేదు, మారింది కిడ్నీ. బిళ్ల రోజూ ఉప్పును బయటికి నెట్టేస్తుంటే, ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి కిడ్నీ తన కణాల్లోని కొన్ని జన్యువులతో ఎక్కువ పని చేయించడం మొదలుపెడుతుంది. ఈ మార్పు ఒక్కసారిగా రాదు. కొంత నిమిషాల్లో, కొంత రోజుల్లో, కొంత వారాల్లో జరుగుతుంది. మందు ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు మానకూడదు, రక్తపరీక్షకు ముందు ఎన్నాళ్లు ఆగాలి అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ కాలలెక్కలోనే ఉంది. వాపుల మందు గురించి రోగికి చెప్పే నాలుగు మాటల్లో ఈ ఒక్క సంగతి చేరితే చాలా అపోహలు పోతాయి.

కాలవ, శివారు పొలాలు, లస్కరు

రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. బయటికి వచ్చే మూత్రం లీటరున్నర, మహా అయితే రెండు లీటర్లు. మిగతాదంతా తిరిగి రక్తంలోకే వెళుతుంది. ఉప్పు లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ 180 లీటర్లలో కరిగి ఉన్న ఉప్పు సుమారు కిలోన్నర. అంటే కిరాణా కొట్లో దొరికే కిలో ప్యాకెట్ ఒకటి, దాని పక్కన ఇంకో అరకిలో. అంత ఉప్పు రోజూ కిడ్నీలోని సన్నని గొట్టాల్లోకి దిగుతుంది, మనం తిన్న ఆ కొద్ది గ్రాములు తప్ప మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది కాబట్టి, నీరు తీసే బిళ్లలన్నీ నిజానికి ఉప్పు తీసే బిళ్లలే.

ఈ ఉప్పును వెనక్కి లాగే పని గొట్టం పొడవునా జరుగుతుంది. పెన్నా ఆయకట్టులో సంగం దగ్గర మొదలైన కాలవ చివరి ఊళ్ల దాకా పారే తీరును తలచుకుంటే సులభంగా అర్థమవుతుంది. ఎగువ రైతులు మూడింట రెండు వంతులు వాడేసుకుంటారు. కిడ్నీ గొట్టం మొదటి భాగం కూడా అంతే, సుమారు 65 శాతం ఉప్పును అక్కడే లాగేస్తుంది. మధ్యలో హెన్లీ వంపు అనే మెలిక ఉంది, దాని వాటా 25 శాతం దాకా. ఆ తర్వాతి చిన్న గొట్టానిది 5 నుంచి 7 శాతం. చిట్టచివరి సేకరణ నాళాలది రెండు మూడు శాతం. ఇవి శివారు పొలాలు. వాటా చిన్నదే, కానీ సముద్రంలోకి పోయే ముందు నీటిని ఆపగలిగే ఆఖరి చోటు అదే.

ఫ్యూరోసెమైడ్, అంటే లాసిక్స్, మధ్య భాగం మీద పనిచేస్తుంది. హెన్లీ వంపులో సోడియం, పొటాషియం, క్లోరైడ్‌లను కలిపి లోపలికి లాగే ప్రోటీన్ పంపు ఒకటి ఉంది. దాన్ని ఎన్‌కేసీసీ2 అంటారు. ఈ మందు దానికి అడ్డుపడుతుంది. కాలవ మధ్యలో ఉన్న రైతుల మోటార్లన్నిటికీ ఒకేసారి కరెంటు తీసేసినట్టు. దిగువకు ఒక్కసారిగా వరద వస్తుంది, శివారు పొలాలు అంతటినీ పట్టలేవు, మిగిలింది మూత్రంగా పోతుంది. టార్సెమైడ్ కూడా ఇదే తరహా మందు, కాకపోతే ఎక్కువసేపు పనిచేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. హెన్లీ వంపు ముగిసేచోట గొట్టం మళ్లీ పైకి వచ్చి, తాను పుట్టిన వడపోత ఉండనే, అంటే రక్తాన్ని వడకట్టే సన్న నాళాల చుట్టనే, ఆనుకుని వెళుతుంది. ఆ ఆనుకునే చోట ఇరవై వరకు ప్రత్యేక కణాలుంటాయి. వాటి పేరు మాక్యులా డెన్సా. తూము దగ్గర నిలబడి ఎంత నీరు పారుతోందో చూసి పైవాళ్లకు కబురు చెప్పే లస్కరు పని వీటిది. దిగువకు ఉప్పు తక్కువగా వస్తోందని తేలితే ఒంట్లో ఉప్పు కొరత ఉన్నట్టు లెక్క. వెంటనే పక్కనున్న కణాలకు కబురు పెడతాయి, ఆ కణాలు ఉప్పును ఒంట్లో ఆపే హార్మోన్లను కదిలించే రెనిన్‌ను వదులుతాయి. మరి ఆ లస్కరు కొలిచేది దేంతో? అదే ఎన్‌కేసీసీ2 పంపుతోనే. ఆ పంపు ద్వారా తన లోపలికి ఎంత ఉప్పు వస్తోందన్నదే అతని గేజీ. ఫ్యూరోసెమైడ్ వచ్చి హెన్లీ వంపుతో పాటు ఈ గేజీని కూడా మూసేస్తుంది. కళ్లముందు ఉప్పు వరదలా పారుతుంటే గేజీ మాత్రం సున్నా చూపిస్తుంది. "దిగువకు చుక్క రావడం లేదు" అని పైకి కబురు వెళ్లిపోతుంది.

అంటే ఒంట్లోంచి నీరు ఇంకా తగ్గకముందే రెనిన్ పెరగడం మొదలవుతుంది. నరానికి ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చిన కొన్ని నిమిషాల్లోనే రక్తంలో రెనిన్ పెరగడానికి ప్రధాన కారణం ఇదే.

నిమిషాలు, రోజులు, వారాలు

రెనిన్‌ను 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కుందేలు కిడ్నీ సారాన్ని మరో కుందేలుకు ఎక్కిస్తే రక్తపోటు పెరగడం చూసి, అందులో ఏదో పదార్థం ఉందని గుర్తించి ఆ పేరు పెట్టారు. కచ్చితంగా చెప్పాలంటే రెనిన్ ఎంజైమ్. కానీ అది ఒక హార్మోన్ గొలుసుకు తల లాంటిది. లివర్ నుంచి వచ్చే ఒక ప్రోటీన్‌ను కోసి యాంజియోటెన్సిన్‌కు దారి తీస్తుంది. యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది, కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరాన్‌ను వదిలిస్తుంది. ఆల్డోస్టెరాన్ వచ్చి శివారు గొట్టాల్లో ఉప్పును పట్టి ఉంచుతుంది.

రెనిన్ కణాల్లో సరుకు ముందే తయారై చిన్న గుళికల్లో నిల్వ ఉంటుంది. మాక్యులా డెన్సా నుంచి కబురు అందగానే మొదట ఖాళీ అయ్యేది ఈ నిల్వ. ఇది నిమిషాల పని, జన్యువుతో నిమిత్తం లేదు. కొట్లో ఉన్న బస్తాలు అమ్మేయడం లాంటిది. ఆ కబురు మోసుకెళ్లేది ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం. దాన్ని తయారుచేసే ఎంజైమ్ కాక్స్-2. ఈ పేరు గుర్తుంచుకోవాలి, నొప్పి బిళ్లల సంగతి వచ్చినప్పుడు మళ్లీ అవసరపడుతుంది.

నిల్వ ఒక్కసారే అమ్మగలం. బిళ్ల రోజూ పడుతుంటే కబురు రోజూ వస్తుంది, అప్పుడు కొత్త సరుకు తయారుచేయక తప్పదు. ప్రోస్టాగ్లాండిన్ రెనిన్ కణాన్ని తాకినప్పుడు లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది గుళికలను వదిలించడంతోనే ఆగదు. కేంద్రకంలో క్రెబ్ అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. క్రెబ్ వెళ్లి మొదటి క్రోమోజోమ్ మీదున్న రెనిన్ జన్యువు ముందు భాగంలో కూర్చుంటుంది. జన్యువు నుంచి నకళ్లు, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ, ఎక్కువగా దిగుతాయి. నకళ్లు పెరిగితే రెనిన్ తయారీ పెరుగుతుంది. ఒంట్లో నీరు నిజంగానే తగ్గేసరికి ఈ పనికి ఇంకో రెండు దారులు తోడవుతాయి. కిడ్నీలోకి వచ్చే రక్తం ఒత్తిడి తగ్గడం ఒకటి, సింపథెటిక్ నరాలు చురుకు కావడం రెండోది. నరాల కబురు కూడా రెనిన్ కణంలో సైక్లిక్ ఏఎంపీనే పెంచుతుంది. బీటా బ్లాకర్ బిళ్లలు రెనిన్‌ను తగ్గించేది ఈ నరాల దారికి అడ్డుపడే.

మనిషి కిడ్నీలోంచి రోజుకో ముక్క తీసి ఎంఆర్‌ఎన్‌ఏ కొలవడం కుదరదు కాబట్టి ఈ రోజుల లెక్క చాలావరకు ఎలుకల నుంచి వచ్చింది. వాటికి కొన్ని రోజులపాటు ఆగకుండా ఫ్యూరోసెమైడ్ ఎక్కిస్తే కిడ్నీలో రెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏ కొన్ని రెట్లు పెరుగుతుంది. మాక్యులా డెన్సాలో కాక్స్-2 కూడా పెరుగుతుంది. ఈ రెండో సంగతి మీద కాస్త నిలవాలి. లస్కరు రోజూ అదే తప్పుడు రీడింగు పంపుతూ ఉండటమే కాదు, ఆ కబురు ఇంకా గట్టిగా వినిపించేలా తన ఫోను కూడా మార్చుకుంటున్నాడన్నమాట.

ఇక మూడో దశ. పుట్టకముందు, గర్భంలో ఉన్నప్పుడు, కిడ్నీ రక్తనాళాల గోడల్లో చాలా కణాలు రెనిన్ తయారుచేస్తాయి. పుట్టి పెరిగాక ఆ పని వడపోత ఉండ ముఖద్వారం దగ్గరి కొన్ని కణాలకే పరిమితమవుతుంది. మిగతావి మామూలు కండర కణాల్లా సాదాగా బతుకుతాయి. ఉప్పు కొరత తీవ్రంగా, ఎక్కువ రోజులు ఉంటే ఆ కండర కణాలు మళ్లీ రెనిన్ జన్యువును తెరుస్తాయి. ఈ సంగతిని అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ బృందం ఎలుకల్లో వివరంగా చూపించింది. కొత్తగా కణాలు పుట్టుకురావడం కాదిది. చిన్నప్పుడు నేర్చిన పనిని అవే కణాలు గుర్తుతెచ్చుకోవడం. పొగాకు సీజన్‌లో ఇంట్లో ఉన్న ప్రతి చెయ్యీ బ్యారన్ దగ్గరికి వెళ్లినట్టు, ఎప్పుడో ఆ పని వదిలేసినవాళ్లు కూడా మళ్లీ దిగుతారు.

శివారులో కొత్త మోటార్లు

హార్మోన్ పెరగడం కథలో సగమే. మధ్య రైతుల మోటార్లు ఆగిపోయి దిగువకు రోజూ వరద వస్తుంటే శివారు రైతు ఊరుకుంటాడా? కాలవ వెడల్పు చేసుకుంటాడు, ఇంకో మోటారు పెడతాడు. కిడ్నీలో జరిగేది అచ్చంగా ఇదే. 1980ల్లో ఎలుకలకు రోజుల తరబడి ఫ్యూరోసెమైడ్ ఇచ్చి, పోయిన ఉప్పునూ నీటినీ తాగే నీళ్లతో పూడ్చి, తర్వాత కిడ్నీని మైక్రోస్కోప్ కింద చూశారు. శివారు గొట్టాల కణాలు లావెక్కి ఉన్నాయి. ఉప్పును లాగే శక్తి పెరిగింది. ఒంట్లో నీరు తగ్గకపోయినా ఇలా జరిగిందంటే, దిగువకు వచ్చే ఉప్పు వరదే ఆ కణాలను పెంచుతోందని అర్థం. దానికి ఆల్డోస్టెరాన్ తోడైతే సేకరణ నాళాల్లో ఈనాక్ అనే సోడియం ద్వారాలు కూడా పెరుగుతాయి.

మళ్లీ కిలోన్నర ఉప్పు దగ్గరికి వెళ్దాం. అందులో ఒక్క శాతం అంటే 15 గ్రాములు. శివారు గొట్టాలు తమ పట్టును ఆ ఒక్క శాతం పెంచుకున్నా చాలు, ఒక రోజులో తినాల్సిన ఉప్పుకు మూడు రెట్లు ఒంట్లో మిగిలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక చెంచాడు. బిళ్ల మొదటి వారం ఇచ్చినంత ఫలితం మూడో నెలలో ఎందుకివ్వదో ఈ లెక్కే చెబుతుంది.

దీంతోపాటు గడియారం లెక్క కూడా ఉంది. నోటితో వేసుకున్న లాసిక్స్ ఆరు గంటలు పనిచేస్తుంది. మిగతా 18 గంటలు కిడ్నీది. మందు దిగిపోయింది, కానీ అది లేపిన రెనిన్, ఆల్డోస్టెరాన్ దిగలేదు, శివారు మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ 18 గంటల్లో నోట్లోకి వచ్చిన ఉప్పంతా చిక్కుతుంది. 1983లో మనుషుల మీదే చేసిన ఒక ప్రయోగం దీన్ని తేటగా చూపించింది. ఉప్పు ఎక్కువ తిన్నవాళ్లలో ఫ్యూరోసెమైడ్ పొద్దున తీసినదంతా మిగతా రోజులో తిరిగి చేరిపోయింది, మొత్తం మీద నష్టం సున్నా. ఉప్పు బాగా తగ్గించినవాళ్లలో మాత్రం నిజంగా ఉప్పు ఒంట్లోంచి పోయింది.

నెల్లూరు తీరంలో ఇది చిన్న విషయం కాదు. ఇస్కపల్లి ఉప్పు మళ్ల ప్రాంతం, ఎండు చేపల వ్యాపారం, ఇంటింటా ఊరగాయ జాడీలు ఉన్న చోటిది. పొద్దున బిళ్ల వేసుకుని, మధ్యాహ్నం ఎండు చేపల పులుసూ మాగాయ ముక్కా కలిపి తిని, రాత్రికి ఉప్పు మజ్జిగ తాగితే, ఆ ఉప్పు సరిగ్గా కిడ్నీ ఉప్పు కోసం కాచుకుని ఉన్న గంటల్లోనే పడుతోంది. అప్పుడు బిళ్ల రెండు చేసినా మూడు చేసినా అటు పోసింది ఇటు వచ్చేస్తుంది. కూరలో ఉప్పు తగ్గించుకున్నామని అనుకునేవాళ్లు కూడా ఊరగాయను లెక్కలో వేసుకోరు.

డాక్టర్లు ఇలాంటప్పుడు లాసిక్స్ మోతాదు పెంచుతూ పోకుండా మెటోలజోన్ లాంటి థయాజైడ్ తరహా మందును జతచేయడం చూస్తుంటాం. శివారులో కొత్తగా పెట్టిన మోటార్లకే కరెంటు తీసేయడం దాని ఉద్దేశం. ఒక్కోసారి నీరు ఎంత వేగంగా పోతుందంటే రక్తంలో సోడియం, పొటాషియం ప్రమాదకరంగా పడిపోతాయి. కాబట్టి ఆ జత ఇచ్చినప్పుడు రక్తపరీక్షకు రమ్మన్న తేదీని వాయిదా వేయకూడదు.

థయాజైడ్లు ఒక రకం, స్పైరోనోలాక్టోన్ మరో రకం

బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ మందులు లస్కరు గేజీని ముట్టుకోవు. అవి పనిచేసే చోటు ఆ గేజీ దాటాక ఉంటుంది. అందుకే వీటితో రెనిన్ నిమిషాల్లో ఎగరదు. ఒంట్లో నీరు తగ్గిన కొద్దీ, రోజుల మీద, మెల్లగా పెరుగుతుంది. కొన్ని వారాలకు రక్తంలో ద్రవం దాదాపు మామూలు స్థాయికి వచ్చినా బీపీ తగ్గే ఉంటుంది, రక్తనాళాలు సడలడం వల్ల. రెనిన్ మాత్రం కొంత ఎత్తులోనే నిలుస్తుంది.

రెనిన్ ఎంత పెరుగుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. పెద్ద వయసువాళ్లలో, షుగర్ ఉన్న చాలామందిలో రెనిన్ మొదటి నుంచే తక్కువ. బిళ్ల పడ్డా అది పెద్దగా లేవదు, కాబట్టి వాళ్లకు థయాజైడ్ బాగా పనిచేస్తుంది. పడుచువాళ్లలో రెనిన్ గట్టిగా ఎదురు తిరుగుతుంది, బిళ్ల తగ్గించిన బీపీని యాంజియోటెన్సిన్ మళ్లీ పైకి లాగుతుంది. టెల్మిసార్టాన్ అనే మరో బీపీ మందు, థయాజైడ్ కలిపి ఒకే బిళ్లగా ఇవ్వడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ తలుపులు మూసేస్తుంది. రెనిన్ జన్యువు అప్పుడు ఇంకా ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే యాంజియోటెన్సిన్ వచ్చి "ఇక చాలు" అని చెప్పే దారి కూడా మూసుకుపోయింది. కానీ ఆ రెనిన్ ఎంత పెరిగినా దాని మాట వినేవాళ్లు ఉండరు.

స్పైరోనోలాక్టోన్ సంగతి వేరు. ఈ వ్యాసం చెప్పదలచుకున్న విషయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఆల్డోస్టెరాన్ పనిచేసే తీరే జన్యువుల ద్వారా. అది కణంలోకి వెళ్లి ఒక గ్రాహకంతో కలుస్తుంది, ఆ జంట కేంద్రకంలోకి పోయి జన్యువుల మీద కూర్చుంటుంది, ఉప్పును లాగే ప్రోటీన్లను తయారుచేయిస్తుంది. స్పైరోనోలాక్టోన్ ఆ గ్రాహకాన్ని ముందే ఆక్రమిస్తుంది. అంటే ఇది పంపును ఆపే మందు కాదు, పంపు తయారీకి వచ్చే ఆర్డరును ఆపే మందు. అప్పటికే ఉన్న పంపులు అరిగి పోయేదాకా ఫలితం కనబడదు, రెండు మూడు రోజులు పడుతుంది. "నిన్న వేసిన కొత్త బిళ్లకు ఒంటికి ఎక్కువ రావడం లేదు" అని కంగారు పడి మానేసేవాళ్లు ఈ కారణంగానే పొరబడుతున్నారు.

దీని విలువ వాపులు తగ్గించడంలోనే లేదు. 1999లో వెలువడిన రేల్స్ అనే పరిశోధనలో తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మందిని చూశారు. వాళ్లు అప్పటికే లాసిక్స్ తరహా మందు, యాంజియోటెన్సిన్ తయారీని తగ్గించే ఏసీఈ ఇన్హిబిటర్ వాడుతున్నవాళ్లు. వాటికి తోడు కొద్ది మోతాదు స్పైరోనోలాక్టోన్ ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. వాపుల మందు లేపిన హార్మోన్ గుండె కండరాన్ని కూడా గట్టిపరిచి దెబ్బతీస్తుంది కాబట్టి, ఆ హార్మోన్ నోరు మూయిస్తే ప్రాణం నిలిచింది. కిడ్నీ సరిగా లేనివాళ్లలో మాత్రం ఇది పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచగలదు.

లాసిక్స్, థయాజైడ్లతో పొటాషియం ఇటువైపు కాక అటువైపు, అంటే తక్కువకు పోతుంది. పిక్కలు పట్టేయడం, కాళ్లలో సత్తువ లేకపోవడం అందుకే. పొటాషియం తగ్గడం వల్ల ఇంకో దెబ్బ ఉంది, అది బయటికి కనబడదు. రక్తంలో పొటాషియం తగ్గితే శివారు గొట్టాల్లోని సోడియం పంపు మరింత చురుకవుతుంది. అంటే పొటాషియం లోటు తానే ఉప్పును పట్టి ఉంచడానికి సాయపడుతుంది. వాపు తగ్గడం లేదని వచ్చిన మనిషిలో పొటాషియం చూడటం గుండె లయ కోసం మాత్రమే కాదు.

నొప్పి బిళ్ల అడ్డం పడినప్పుడు

ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో, కనిగిరి వైపు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య తరాల నుంచి ఉంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు గరిష్ఠ హద్దు. ఎముకలకు పట్టిన ఫ్లోరైడ్ కీళ్లను, నడుమును బిగదీస్తుంది. నొప్పితో పనికి పోలేనివాళ్లు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి బిళ్లలు అడిగి తెచ్చుకుంటారు. ఆ అలవాటును తప్పు పట్టే ముందు ఆ నొప్పిని చూడాలి. కానీ అదే మనిషి బీపీకో వాపులకో నీరు తీసే బిళ్ల కూడా వాడుతుంటే లోపల ఏం జరుగుతుందో కూడా తెలియాలి.

నొప్పి బిళ్ల ఆపేది కాక్స్‌నే. మాక్యులా డెన్సా కబురు పంపేది కాక్స్-2 ద్వారానే. కాబట్టి నొప్పి బిళ్ల పడితే రెనిన్ పెరగడం తగ్గుతుంది. రెనిన్ తగ్గడం మంచిదే కదా అనిపించవచ్చు. చిక్కేమిటంటే అదే ప్రోస్టాగ్లాండిన్ కిడ్నీలోకి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచుతుంది, ఉప్పు బయటికి పోవడానికి కూడా తోడ్పడుతుంది. అది ఆగితే నీరు తీసే బిళ్ల బలం తగ్గుతుంది, వాపు మళ్లీ వస్తుంది, బీపీ పెరుగుతుంది. ఒంట్లో నీరు తక్కువగా ఉన్న రోజున, అంటే వాంతులో విరేచనాలో అయినప్పుడో, రోహిణి కార్తెలో చీమకుర్తి క్వారీల్లో రాయి పని చేసినప్పుడో, నీరు తీసే బిళ్ల, బీపీకి వాడే టెల్మిసార్టాన్ లేదా ఎనలాప్రిల్ తరహా బిళ్ల, నొప్పి బిళ్ల మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందడమే తగ్గిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎగరడానికి ఆ మూడు బిళ్లల కలయిక చాలు. అలాంటి రోజున ఏ బిళ్ల ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి అన్నది డాక్టరును ముందే అడిగి కాగితం మీద రాయించుకుని పెట్టుకోవడం మేలు.

కిడ్నీ తయారుచేసే మరో హార్మోన్ ఎరిత్రోపోయిటిన్. ఎర్ర రక్తకణాలు పుట్టించేది అదే. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు డయాలిసిస్ దగ్గర ఇచ్చే ఇంజెక్షన్లలో అదీ ఒకటి. ఈ జన్యువు ఆక్సిజన్ కొరతకు స్పందిస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఆ పద్ధతిని కనిపెట్టినవాళ్లకే 2019 నోబెల్ వచ్చింది. ఆక్సిజన్ తగ్గించిన చిట్టెలుకల్లో అసిటాజోలమైడ్ అనే పాతకాలపు నీరు తీసే మందు ఎరిత్రోపోయిటిన్‌ను తగ్గించింది, ఫ్యూరోసెమైడ్, థయాజైడ్ తగ్గించలేదు. అంటే నీరు తీసే మందులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు, గొట్టంలో ఏ చోట పనిచేస్తుందన్నదాన్ని బట్టి ఏ హార్మోన్ కదులుతుందో తేలుతుంది. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్ తరహా మందులు కూడా కొంత నీరు తీస్తాయి, వాటితో ఎరిత్రోపోయిటిన్, హిమోగ్లోబిన్ కొద్దిగా పెరుగుతాయి.

ఒక్క పూట మానేస్తే

ఊరికి వెళ్లే రోజున బిళ్ల మానేయడం మన దగ్గర సర్వసాధారణం. కందుకూరు నుంచి నెల్లూరు బస్సెక్కితే మధ్యలో ఒంటికి ఆపమని ఎవరిని అడుగుతారు? ఆడవాళ్లకైతే ఇంకా ఇబ్బంది. ఒక పూట మానేస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. లెక్క ఇలా ఉంటుంది: బిళ్ల లేదు కాబట్టి మధ్య రైతుల మోటార్లన్నీ తిరుగుతున్నాయి, నెలల తరబడి పెంచుకున్న శివారు మోటార్లూ తిరుగుతున్నాయి, రెనిన్, ఆల్డోస్టెరాన్ ఇంకా ఎత్తులోనే ఉన్నాయి. ఆ రోజు కిడ్నీ మామూలు మనిషి కిడ్నీ కన్నా గట్టిగా ఉప్పును పట్టేస్తుంది. పెళ్లిభోజనం కూడా తోడైతే మర్నాడు పొద్దునకే కాళ్లు బరువెక్కుతాయి. దీన్ని చూసి "బిళ్ల మానేస్తే బతకలేను, దానికి బానిసనయ్యాను" అని భయపడేవాళ్లున్నారు. ఇది బానిసత్వం కాదు. శివారు కణాలు సన్నబడటానికి, రెనిన్ జన్యువు నెమ్మదించడానికి పట్టే వ్యవధి మాత్రమే. ప్రయాణం రోజున బిళ్లను పూర్తిగా మానకుండా, చేరాక వేసుకోవచ్చా అని డాక్టరును అడిగితే చాలామందికి వీలవుతుంది. డాక్టరు నిజంగానే బిళ్ల ఆపదలచుకుంటే సాధారణంగా మోతాదు తగ్గించుకుంటూ, ఉప్పు తగ్గించమని చెబుతూ ఆపడం కూడా ఇందుకే.

ఈ వ్యవధి ఎంత నిజమో తెలియాలంటే ల్యాబ్‌కు వెళ్లాలి. చిన్న వయసులో బీపీ వచ్చినా, మూడు మందులకు లొంగకపోయినా, పొటాషియం పదేపదే పడిపోతున్నా, అడ్రినల్ గ్రంథే ఆల్డోస్టెరాన్‌ను అదుపు లేకుండా వదులుతోందేమో చూడటానికి ఆల్డోస్టెరాన్, రెనిన్ రెండూ కొలిచి నిష్పత్తి తీస్తారు. నీరు తీసే బిళ్లలు ఆ రెండు అంకెలనూ మార్చేస్తాయి. రెనిన్ అసలు కన్నా ఎక్కువగా కనబడితే జబ్బు దాగిపోతుంది. అందుకే పరీక్షకు ముందు, వీలైనవాళ్లలో, స్పైరోనోలాక్టోన్‌ను, పొటాషియం పోగొట్టే నీరు తీసే బిళ్లలను కనీసం నాలుగు వారాలు ఆపిస్తారు, ఆ మధ్యలో బీపీకి వేరే మందు ఇస్తారు. ఫ్యూరోసెమైడ్ రక్తంలో సగానికి తగ్గడానికి పట్టేది రెండు గంటలు. ఒక్క రోజులో దాని జాడ దాదాపు ఉండదు. అయినా నాలుగు వారాలు ఆగమంటున్నారు. ఈ సంగతి తెలియక, పరీక్ష ముందు రోజు బిళ్ల మానేసి ల్యాబ్‌కు వెళితే వచ్చే కాగితం మీద అంకెలుంటాయి గాని, అవి గత నెల బిళ్లలవి. రక్తం ఇచ్చేటప్పుడు వాడిన ప్రతి బిళ్ల పేరు, ఆపిన తేదీ, మధ్యలో వేసుకున్న నొప్పి బిళ్లతో సహా, ల్యాబ్ కాగితం మీద రాయించడం మరచిపోకూడదు.